పశువులు లెక్కపెట్టే పిల్ల

జూలై 29, సోమవారం

ఆయన ఆ మాట నవ్వించడానికి అన్నాడా, నమ్మి అన్నాడా?

పద్దెనిమిదేళ్లుగా ఈ ప్రశ్నని మోస్తున్నాను. చాలాసార్లు బరువే తెలియదు. ఇవాళ తెలిసింది.

పొద్దున మా రక్షణ శాఖ పర్మనెంట్ సెక్రటరీ పిలిచారు. బడ్జెట్ డైరెక్టర్ కుర్చీ ఖాళీ అవుతోంది, మీ పేరే అనుకుంటున్నాం లుయాండో, ఔనో కాదో వచ్చే నెలాఖరులోగా రాసివ్వండి అన్నారు. సైన్యం తిండి, బూట్లు, పెట్రోలు, పెన్షన్లు, అన్నీ ఆ కుర్చీ మీదుగానే వెళ్లాలి. ఒకప్పుడు నాకు పని నేర్పిన ఇమసీకు గారు కూర్చున్న కుర్చీ. థాంక్యూ సర్ అని బయటికొచ్చేశాను.

నా బదులు ఇంకెవరైనా అయితే ఇంటికి కేక్ తీసుకెళ్లేవారు.

జూలై 30

ఆ రోజు సంగతి రాసుకోవాలి. ఎన్నడూ రాసుకోలేదు.

యూనివర్సిటీ నుంచి ఎకనామిక్స్ పట్టాతో వచ్చాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ, బోర్డులో ఐదుగురు మగవాళ్లు. ఆడపిల్ల అడిగితే కల్నల్స్ లెక్క చెప్తారా అని ఒకాయన, రిటైరైన మేజర్ ఎవరైనా ఉంటే మేలు కదా అని ఇంకొకాయన. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను, గదిలో లేనట్టు మాట్లాడుకుంటున్నారు. అప్పటిదాకా నోరు మెదపని ఇమసీకు గారు నా ఫైలు మూసేసి, ఇది టోంగా పిల్ల, వీళ్లు పుట్టిన దగ్గర్నుంచీ పశువుల్ని లెక్కపెట్టుకునే జాతి, ఒక్క దూడ తక్కువైనా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, సైనికుల బూట్లు లెక్కపెట్టడానికి ఇంతకన్నా ఎవరు కావాలయ్యా అన్నారు.

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే సంతకాలు పడ్డాయి.

ఆయన లోజీ, నేను టోంగా. మా రెండు జాతులదీ బావామరదళ్ల వరస. ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాళ్లే ఓడినట్టు. కాబట్టి నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. ఫైలు చదివాడా అసలు? ఆ రోజు బోర్డులో లోజీ కాకుండా ఇంకెవరైనా కూర్చుని ఉంటే?

ఆగస్టు 3, శనివారం

ఇమసీకు గారు హాస్పిటల్లో ఉన్నారు. ఊపిరితిత్తులు. భార్య ఇనోంగే ఫోన్ చేసి చెప్పింది.

డబ్బా నిండా మబీసి పట్టుకెళ్లాను. పుల్లటి పాలంటే ఆయనకి ప్రాణం, కానీ ఒప్పుకోడు. మూత తియ్యగానే, ఏమే ఆవుల పిల్లా, ఇవి మీ ఆవులవా, మా తాతలు తోలుకెళ్లిన ఆవులవా అన్నాడు. మీ తాతలు తోలుకెళ్లినవి ఈ పాల వాసన పట్టి ఎప్పుడో మా ఇళ్లకి వెనక్కొచ్చేశాయి, చేపలు పట్టుకునే మీకు ముళ్లే మిగిలాయి ముసలాయనా అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నర్సు నన్ను కసిరింది. పేషెంట్‌ని చంపడానికొచ్చావా అంది. అదే దీని ఉద్యోగం, అడిగినవాళ్లందరికీ కోత పెట్టడం, అన్నాడాయన.

కుర్చీ సంగతి చెప్పాను. ఆ కుర్చీ ఎడమ చెయ్యి వదులుగా ఉంటుంది జాగ్రత్త అన్నాడు. అంతే.

అడగాలనుకున్నది అడగలేదు. నవ్వుతున్న మనిషిని, నువ్వప్పుడు నిజంగా అన్నావా అని ఎలా అడగడం?

ఆగస్టు 8

ఆర్థిక శాఖలో మా బడ్జెట్ మీద హియరింగ్. అంకెలన్నీ కోతపడ్డాయి. ఈ ఏడు వానల్లేవు, రోజూ కరెంటు కోత, ఖజానాలో మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? జనరేటర్ మోతలో గొంతు పెంచి మాట్లాడాం.

నది ఒడ్డున సైనిక పోస్టుకి వైద్య పడవ కొనే పద్దు కొట్టేస్తామన్నారు. ఏటా వెయ్యి క్వాచాలే వేస్తున్నారు, ఆ డబ్బుతో తెడ్డు కూడా రాదు, ఎందుకీ పద్దు అని అడిగారు. పక్కనున్న కల్నల్ కపెంబ్వా నా వైపు చూశాడు. వరదలొస్తే ఆ పోస్టు నుంచి రోగిని తేవడానికి చెక్క పడవే గతి అని ఆయనకి తెలుసు.

ఇమసీకు గారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. డబ్బు లేదని పద్దు తీసెయ్యకు. టోకెన్‌గా వెయ్యి వేసి ఉంచు. పద్దంటూ ఉంటే ఏదో ఒక ఏడు డబ్బు దారి వెతుక్కుంటూ వస్తుంది. పద్దే లేకపోతే డబ్బు వచ్చినా దానికి దిగడానికి ఇల్లుండదు.

ఇదే చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. పద్దు నిలిచింది. వెయ్యితోనే.

బయట కపెంబ్వా, మేడమ్, మీరు అచ్చం ఆ ముసలాయనలా మాట్లాడారు అన్నాడు. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

ఆగస్టు 11, ఆదివారం

ఈసారి అడిగి తీరాలని వెళ్లాను. నిద్రపోతున్నారు. దుప్పటిలోంచి బయటపడ్డ పాదం మీద దుప్పటి సర్ది వచ్చేశాను.

ఆగస్టు 14

ఇమసీకు గారు పోయారు.

ఆగస్టు 17, శనివారం. సాయంత్రం

రాయకపోతే మర్చిపోతానని కాదు. రాస్తే నమ్ముతానని.

చావింట్లో మాలాంటి వరసైనవాళ్లకి ఒక పని ఉంది. ఏడుపు మరీ లోతుకి దిగిపోకుండా చూడటం. టోంగా ముసలమ్మలు ముందే వచ్చి వంట గిన్నెలు దాచేసి, చేపలు తినేవాళ్లింట్లో మాకు భోజనమెందుకు పెట్టరని గోల చేస్తున్నారు. నేను చాప మీద ఒక మూల కూర్చుని ఏడుస్తున్నాను. వాళ్లలో ఒకావిడ నా భుజం మీద చరిచి, ఇన్ని చదువులు చదివావు, పోయినవాణ్ణి నాలుగు తిట్లు తిట్టడం రాదా, వీడికి నువ్వొక్కదానివే మరదలివి ఆఫీసులో, లే అంది.

నా వల్ల కాదన్నాను. నేను ఎవరినీ తిట్టలేను. మెమోలో కూడా దయచేసి అనే రాస్తాను.

శవపేటికని బండిలోకి ఎక్కించారు. బండి కదలబోతోంది. నా కాళ్లు నన్నడగలేదు. వెళ్లి బండి ముందు దుమ్ములో పడుకున్నాను, నల్ల గౌనుతో సహా. ఆపండి అని అరిచాను. ఈ ప్రయాణానికి ఈ ఏడాది బడ్జెట్లో కేటాయింపు లేదు. ఎవరు సంతకం పెట్టారు? పెట్రోలు ఏ పద్దు కింద? ఈ మనిషి జీవితమంతా అందరి ఫైళ్లూ వెనక్కి పంపాడు, ఇవాళ నేను ఈయన ఫైలు వెనక్కి పంపుతున్నాను. దింపండి. వచ్చే ఏడు చూద్దాం.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎక్కణ్ణుంచో కపెంబ్వా గొంతు, మేడమ్ కనీసం టోకెన్‌గానైనా అనుమతించండి అంది. అప్పుడు నవ్వులు. సైనికులు, గుమాస్తాలు, చర్చి ఆడవాళ్లు. ముసుగులోంచి ఇనోంగే నవ్వు అందరికన్నా గట్టిగా వినిపించింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఆయన అన్నగారు వంగి, దారి వదలడానికి ఆనవాయితీగా ఇచ్చే నోటు నా చేతిలో పెట్టాడు, లేవమ్మా ఆవుల పిల్లా అని. లేచాను. పద్దు తెరిచే ఉంటుంది అన్నాను, పేటికతో. అది మాత్రం ఎవరికీ వినపడలేదు.

ఆగస్టు 25

ఇనోంగే దగ్గరికి వెళ్లాను. ఆయన్ని అడగలేనిది ఆమెని అడిగాను.

తల్లీ, ఆ కథ ఈ ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో అంది. ఒకోసారి ఆయన, దాని మార్కులు చూశాను, అడిగిన ప్రతి ప్రశ్నకీ ముందు ఆలోచించింది, దాన్ని వదులుకునేవాడు మూర్ఖుడు, సూటిగా పొగిడితే వాళ్లు ఒప్పుకోరని నవ్వించాను అనేవాడట. ఇంకోసారి, భోజనం వేళయింది, ఆకలేస్తోంది, ఏదో జోకేసి తేల్చేశాను, మన అదృష్టం బాగుండి పిల్ల మంచిదైంది అనేవాడట.

ఏది నిజం అన్నాను.

నన్నడుగుతావేం, మీ ఇద్దరూ లెక్కల మనుషులు కదా అని టీ పోసింది.

తిరిగొస్తూ దారంతా ఆలోచించాను. ఆకలే కారణం అనుకుందాం. ఆ ఆకలి వల్లే నాకు పద్దెనిమిదేళ్ల పని దొరికింది. అమ్మకి మొంజేలో ఇల్లు. తమ్ముడికి చదువు. ప్రతి నెలా ఆఖరున జీతమందుకునే, ఎన్నడూ నన్ను చూడని సైనికులు. ఆయన నమ్మాడో లేదో గానీ ఒక పద్దు తెరిచి నా పేరు ఉంచాడు. మిగతాది దారి వెతుక్కుంటూ వచ్చింది. అనుమానంతో కూడా కృతజ్ఞతగా ఉండొచ్చని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు నాకు.

ఆగస్టు 30

ఔనని రాసిచ్చాను. దయచేసి అని రాయలేదు.

సెప్టెంబర్ 16

కుర్చీ ఎడమ చెయ్యి నిజంగానే వదులు. బాగుచేయించను.

అక్టోబర్ 9

ఇంటర్వ్యూ బోర్డు. మొదటిసారి అటువైపు కూర్చున్నాను. కెప్టెన్ ముండియా, లోజీ ఆవిడ, ముప్ఫై అయిదేళ్లుంటాయి. మరీ నెమ్మదస్తురాలని మిగతావాళ్లు గొణుగుతున్నారు. నా నోట్లోంచి వచ్చేసింది: చేపలు పట్టే జాతి, వల వేస్తే పిల్ల చేప కూడా జారదు, తీసుకోండయ్యా.

అందరూ నవ్వారు. సంతకాలు పడ్డాయి. ఆమె కూడా నవ్వి, నా వైపు ఒక చూపు చూసింది.

మధ్యాహ్నం దాటింది అప్పటికి. ఆకలిగా ఉన్న మాట నిజం. ఆమె ఫైలు చదివిన మాటా నిజం. నవ్వించడానికి అన్నానా, నమ్మి అన్నానా, ఇంటికొచ్చి ఇంతసేపైనా నాకే తేలడం లేదు.