మీ భాగ్యశ్రీ ఎవరినీ ఊరికే నమ్మదండీ

కలిదిండి,
17 ఆగస్టు 2025.

కాంతం వదినగారికి,

మీ వియ్యపురాలు రాజ్యం నమస్కారాలతో రాస్తున్నది. తాడేపల్లిగూడెంలో మీరు కులాసాగా ఉన్నారని, అన్నయ్యగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని తలుస్తాను. ఇక్కడ మా ఫణీంద్ర, మీ భాగ్యశ్రీ బాగున్నారు. మీ మనవరాలికి పళ్ళు వచ్చాయి. ఎత్తుకున్న వాళ్ళందరి వేళ్ళూ కొరుకుతోంది. వానలకి చెరువు గట్లన్నీ జారుడుగా ఉన్నాయి, మీరు వచ్చేటప్పుడు నెమ్మదిగా రండి.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటారేమో. నోటితో అయితే ఇదంతా వరసగా చెప్పలేనండీ. మొన్న మీరు ఫోనులో భాగ్యశ్రీని కేకలేశారట. మాటిమాటికీ సెలవు పెట్టి ఏలూరు ఆసుపత్రికి ఎందుకెళ్తున్నావు, కన్నతల్లి దగ్గర దాపరికమా అని అడిగారట. “మా అమ్మేగా అత్తయ్యా, పోన్లెండి” అని ఊరుకుందిగానీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అది చెప్పనిది నేను చెప్తాను.

మాకు బాగా దగ్గరావిడ ఒకరున్నారు. నా ఈడుదే, భర్త పోయాడు. కిందటేడు కడుపులో గడ్డకి ఆపరేషన్ చెయ్యాలని రక్త పరీక్షలు చేయిస్తే హెచ్‌ఐవీ ఉందని తేలింది. ఇక తన పని అయిపోయిందనే అనుకుంది. ఎవరూ చెప్పకుండానే కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో మాత్రలిచ్చి, ఒక్క రోజూ మానకుండా వేసుకోమన్నారు. వేసుకుంటే మొదట్లో వికారం, కళ్ళు తిరగడం. అంతలో ఆవిడ తమ్ముడు ఫోనులో ఏదో వీడియో చూసి, అందులో మాట్లాడిన మనిషిని ఏకంగా ఇంటికే తీసుకొచ్చాడు. మాత్రలు ఆపేసి తన పసరు పొడి తాగితే జబ్బు వేళ్ళతో సహా పోతుందని అతను చెప్పాడు. బతుకు మీద ఆశ ఉన్నవాళ్ళకి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో! ఆవిడ మాత్రల డబ్బా పక్కన పెట్టేసింది.

భాగ్యశ్రీ అప్పుడే ల్యాబు నుంచి వచ్చింది. తను చెరువుల నీళ్ళు పరీక్ష చేస్తుంది కదా. గుమ్మంలో నిలబడి అంతా విని, మెల్లిగా అడిగింది. “ఏవండీ, మేము చెరువులో మందు చల్లే ముందు నీళ్ళు పరీక్ష చేస్తామండి, చల్లాక మళ్ళీ చేస్తాం. మీ పొడి తాగి తగ్గినవాళ్ళవి, తాగకముందువీ తాగాకవీ రక్త పరీక్ష కాయితాలు ఒక్కరివైనా చూపిస్తారా?”

“చేపల చెరువులు చూసుకునే అమ్మాయివి, నీకేం తెలుసు?” అన్నాడాయన.

“తెలీదండి. తెలిస్తే మిమ్మల్ని ఎందుకు అడుగుతాను?” అంది.

కాయితాలు తెప్పిస్తానని సంచీ తీసుకుని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆవిడ తమ్ముడికి మాత్రం రోషం వచ్చింది. నువ్వు చెప్పేదే నిజమని ఏమిటి అన్నాడు. “నా మాట కూడా పట్టుకోకండి బాబాయిగారూ, తెలిసినవాళ్ళనే అడుగుదాం” అని, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి 1097కి ఫోన్ చేసింది. హెచ్‌ఐవీ గురించి ప్రభుత్వం పెట్టిన నంబరట. ఏ పొడితోనూ ఈ జబ్బు పోదు, మాత్రలు ఆపొద్దని వాళ్ళు చెప్పారు. అది విన్నాక కూడా భాగ్యశ్రీ ఊరుకోలేదు. ఫోనులో వెతికితే ఒకచోట, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి బాగా తగ్గాకే మాత్రలు మొదలుపెట్టాలని ఉంది. అది ఏ ఏడాది రాసిందో కిందకి వెళ్ళి చూసింది. ఎప్పటిదో పాతది. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్ళ కొత్త సూచనల్లో, జబ్బు తేలగానే మొదలుపెట్టాలని ఉంది. ఆ రెండూ పట్టుకుని ఆవిడని ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుగారినే అడిగింది.

కొత్తదే సరైనదని డాక్టరుగారు చెప్పారు. జబ్బుని పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు, కానీ మాత్రలు మానకుండా వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది, అందరిలాగే బతకొచ్చు అన్నారు. వికారం తగ్గకపోతే వచ్చి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి అన్నారు. ఒక కంచంలో తిన్నా, పిల్లల్ని ముద్దాడినా అంటదని కూడా చెప్పారు. ఆ మాటకి ఆవిడ అక్కడే ఏడ్చేసింది. ఆ పూట ఇంటికొచ్చి అందరితో కలిసి అన్నం తిని, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మొన్న ఏలూరులో చేసిన పరీక్షలో, వైరస్ లెక్కకి దొరకనంతగా తగ్గిపోయిందని చెప్పారు. జబ్బు పోయినట్టు కాదు, మాత్రలు ఎప్పటికీ వేసుకోవాలి. అయినా ఆ మాట వినగానే భాగ్యశ్రీ ఆసుపత్రి వరండాలోనే ఆవిడని వాటేసుకుంది. ఇప్పుడు ఆ తమ్ముడే ఏ వీడియో వచ్చినా ముందు భాగ్యశ్రీకి పంపి, “ఇది నిజమేనా అమ్మా” అంటున్నాడు. మా వీధిలో షుగరు వాళ్ళూ, బీపీ వాళ్ళూ కూడా దీన్నే అడుగుతున్నారు. తెలియకపోతే తెలియదంటుంది, కనుక్కుని చెప్తానంటుంది. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి వదినగారూ!

మీకెందుకు చెప్పలేదంటారా? ఆవిడ జబ్బు సంగతి ఎవరికి చెప్పాలన్నది ఆవిడ ఇష్టమని, కన్నతల్లి చేత మాటపడిందేగానీ పేరు బయటపెట్టలేదు. అలాంటి పిల్లని కని, పెంచి, మా ఇంటికి పంపారు. మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

అన్నయ్యగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అమ్మాయిని చూసి మురిసిపోతున్న
రాజ్యం

తా.క.: ఆవిడ నేనేనండీ. మీ మనవరాలు రోజూ నా ఒళ్ళోనే నిద్రపోతుంది, ఈ ఇంట్లో వంట నాదే. ఇది చదివి మీకు భయం వేస్తే తప్పుగా అనుకోను, నాకూ మొదట వేసింది. ఎవరి పేరూ చెప్పకుండా ఆ 1097కి ఫోన్ చేసి అడగండి, తెలుగులోనే చెప్తారు. అడిగాక ముందు భాగ్యశ్రీతో మాట్లాడండి. మీ ఫోను కోసం చూస్తోంది. నా సంగతి తర్వాత.