మేక దొంగ అడిగిన ప్రశ్న

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ నల్లకోటు చేతులు కురచ చేయించి తొడుక్కుంటున్నాను. కడప కోర్టులో దానితోనే నా మొదటి అప్పీలు గెలిచాను.

మేకను దొంగిలించిన ఓబులేసుకు రెండో తరగతి మేజిస్ట్రేటు ఏడాది జైలు వేశాడు. తెల్లదొరల చట్టం ఆయనకిచ్చిన అధికారం ఆరు నెలలే.

“అప్పీలంటే పై దొరకు కోపమొచ్చి ఇంకా పెంచితే యాడ సావాలమ్మా?” అని ఓబులేసు భార్య నా చెయ్యి పట్టుకుంది.

“పెంచనివ్వను” అన్నాను.

ఆ శిక్ష చెల్లదనీ, ఇప్పటిదాకా అనుభవించింది చాలనీ పై కోర్టు తీర్పిచ్చింది.

జైలు గేటు దగ్గర ఓబులేసు దణ్ణం కూడా పెట్టలేదు. “నేను మేకనెత్తుకుంటి. శిక్షేసిన ఆయప్ప లేని అధికారం ఎత్తుకునె. మరి ఆయప్పకెంత శిక్షమ్మా?” అన్నాడు.

నువ్వయితే నవ్వేసి, కోటు విప్పి ఇంటికి నడిచేవాడివి. నేను కోటు విప్పకుండానే నీ చట్టం పుస్తకాలు మళ్ళీ తెరిచాను.

నీ కూతురు