వరసలో చివర

మామా,

నీ మీద బెంగతోనే అడవి పట్టుకు తిరుగుతున్నానని అమ్మ అందరికీ చెప్తోంది. "డిగ్రీ సదివి గిదేం పిచ్చే? నా తమ్ముణ్ణి మింగింది సాలలేదా గా అడివికి?" అంటుంది. బెంగ కాదు, నాకీ పని నచ్చింది.

కొత్తవాళ్ళకు జంతువుల జాడ పట్టడం నేర్పే క్యాంపుకు గ్రాంటు మంజూరైంది. చంపడం ఉండదు, జాడ చూసి తిరిగి రావడమే. నేర్పే మనిషి ఉంటేనే డబ్బు ఇస్తారు. నన్నడిగారు.

చేరేముందు ఓసారి చూద్దామని నిన్న టేకులపల్లి అడవిలో కొత్తవాళ్ళను ముందు నడిపించి, నీలాగే చివర నడిచాను. అడవిలో ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు, ఈలకు ఈలే బదులన్న నీ మాట వాళ్ళకు చెప్పి, ఈల వేశాను. ముందునుంచి అందరూ బదులు వేశారు.

తర్వాత నా వెనకనుంచి ఒక ఈల వచ్చింది, నువ్వు వేసినట్టే చివర విరిచి.

నేను తిరిగి చూడలేదు. అమ్మకు చెప్పలేదు. సోమవారం క్యాంపులో చేరుతున్నాను. చివర నేనే నడుస్తాను.