కిటికీ ముందు జాగా

నందికొండ, 1964 జూన్

శ్యామలమ్మక్కకు, పక్కింటి చెల్లెలు నమస్కరించి రాస్తున్న సంగతి.

మీరు ఇంటికి తాళం వేసి తిరుమలగిరి పోయినప్పటి నుంచి డ్యాం క్వార్టర్లవాళ్లు నా దగ్గర పూలమొక్కలు బాగా కొంటున్నారు. మొక్కలకు వేసిన తాటాకుల పందిరి చాలడం లేదు. మీ గోడకు వాసాలు ఆనించి, పందిరి పక్కన ఏటవాలుగా ఇంకో కప్పు దించుకుందామనుకుంటున్నాను. మీ మాట కావాలి.

వడ్రంగి భిక్షం వచ్చి చూశాడు. “గోడ పొడుగంత కప్పుదాం. గా కిటికీ ఇప్పుడెవలకు పనికొస్తది?” అన్నాడు. రోజూ పొద్దున మీరు నాకు పొయ్యిలోకి నిప్పు అందించిన కిటికీ అది. దాని ముందు మూడు మూరల జాగా వదిలి, కప్పును రెండు ముక్కలుగా వేయమన్నాను. “నడుమ వాన పడ్తది” అని గొణిగాడు.

ఇప్పుడు అగ్గిపెట్టె కొనుక్కుంటున్నాను. గోడ సంగతి ఒక్క ముక్క రాయండి.

కిటికీకి మీరు లోపల గడియ పెట్టి పోయారని తెలుసు. అయినా నిన్న పొద్దున ఒకసారి తట్టాను.