నల్ల గొర్రెలు

బుధవారం, ఆగస్టు 1946

కోపం ఇంకా చల్లారలేదు. ప్రార్థన గది గోడకని నూనె రంగులతో గీస్తున్న పచ్చిక బయలులో నేను నల్ల గొర్రెలు వేస్తే, నాకు బొమ్మలు నేర్పే మేస్త్రీ వాటిని రంగు కరిగించే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేశాడు. "దేవుని మందలో నల్లవి ఉండవు అయ్యగారూ" అని తెల్లవి వేయించాడు.

సాయంత్రం గొర్రెలు కాచే ఎల్లమ్మ వచ్చి చూసింది. "మా మందంతా నలుపే కదప్పా. మమ్మల్ని బయటే నిలబెట్టినావా?" అంది.

బైబిల్లో కాపరి కీర్తన మూడుసార్లు చదివాను. గొర్రెల రంగు మాటే లేదు. మరి ఆ మూర్ఖుడికి ఎవడు చెప్పాడు? ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటాడు. పాపం నలుపని పదేళ్ళుగా ఆ ప్రసంగ వేదిక మీద గొంతు చించుకుంటున్నది నేనే!

తెల్ల గొర్రెల రంగు ఇంకా ఆరలేదు. ఆ టర్పెంటైన్ గుడ్డ ఎక్కడ పెట్టాడో...