అడగని కార్డు, అడిగిన మాట

నవంబర్ 14, బుధవారం. ఎడిసన్.

క్రెడిట్ కార్డు గొడవ ఇవాళ తీరిపోయింది. మేము అడగకుండానే మా ఆయన పేరు మీద వచ్చిన కార్డు, దాని బిల్లులు, అంతా కంపెనీ వాళ్ళ పొరపాటేనట. అదే పేరున్న ఇంకెవరి బిల్లులో మా నెత్తిన వేశారు. ఫోన్‌లో సారీ చెప్పి బిల్లులన్నీ కొట్టేశారు.

మరి నేనన్న మాటో?

ఉద్యోగం దొరికేదాకా ఉంటానని వచ్చి మా సోఫా మీద పడుకుంటున్న మా ఊరబ్బాయి సుధాకర్‌ని, పోయిన నెల అన్నం తింటుంటే అడిగాను. "పగలు మెయిల్ తీసేది నువ్వే కదా, మా పేరు మీద ఏమైనా అప్లై చేశావా?"

"లేదక్కా" అన్నాడు. కలిపిన అన్నం కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ శనివారమే వెళ్ళిపోయాడు. నేను ఉండమనలేదు.

ఇందాక ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. "ఏమీ అనుకోకు తమ్ముడూ. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రా, చేపల పులుసు చేస్తాను" అన్నాను.

"అయ్యో, పర్వాలేదు మేడమ్. ఆదివారం డ్యూటీ ఉందండీ" అన్నాడు.

"వస్తానన్నాడా?" అని ఆయన లోపల్నుంచి అడిగారు. డ్యూటీ ఉందట అన్నాను. మేడమ్ అన్నాడని మాత్రం చెప్పలేకపోయాను.