దింపిన చోటికే వచ్చిన టెంపో

సదాశివరావు గారికి,

నేను ఇంకా వజీరాబాద్ దగ్గర యమున గట్టు మీదే, నా దోనె పక్కనే ఉన్నాను. నోయిడా వైపు వచ్చే పాలబండి భయ్యా చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఆదివారం ఎగువన పల్లాలో టెంపో మనల్నీ దోనెనీ దింపాక, షికారుకి మీతో కలిపి మీ ఆఫీసువాళ్లు నలుగురినీ దోనె ఎక్కించే ముందే అడిగాను. "బాబూ, ఏరు ఒకవైపే పోతుంది, దిగేచోట టెంపో ఉందా?" అని. మీరు నవ్వి, "అంతా ఠీక్ హై తాతగారూ, డ్రైవరుకి చెప్పేశాను" అన్నారు. ఏం చెప్పారు? రోజూ ఆఫీసు బండికి చెప్పినట్టే, దింపిన చోటికే ఐదింటికి రమ్మని! టెంపో పైన పల్లాలో కాచుకుంది, మనం ఇక్కడ కాచుకున్నాం.

ఆఖరికి మీరు నలుగురూ ఆటో ఎక్కారు. "దోనె ఎక్కడికి పోతుంది, మీరూ రండి" అని నన్ను పిలిచారు. గోదావరిలో నలభై ఏళ్లు గెడ వేశాను. దోనెని ఊరుగాని ఊళ్లో వదిలేసి ఇంటికి పోవడం మా ఇంటా వంటా లేదు. నా చేత్తో చెక్కి, కొవ్వూరు నుంచి లారీ మీద తెచ్చుకున్న దోనె ఇది. నిన్న ఒకడొచ్చి, పొయ్యికట్టెలకి ఇస్తావా అని అడిగాడు.

మా అమ్మాయి రెబ్కా ఆసుపత్రి డ్యూటీ దిగి, రోజూ అన్నం తెచ్చిపెట్టి నన్ను తిట్టిపోతోంది.

రేపు పొద్దున్నకి టెంపో ఇక్కడికి రావాలి. రాకపోతే ఎదురునీట గెడ వేసుకుంటూ, మీ డ్రైవరుకి తెలిసిన ఆ ఒక్క చోటికే నేను వెళ్తాను. నాకు డెబ్బై రెండేళ్లు. అన్నం తెచ్చిన రెబ్కాకి గట్టు మీద నేను కనపడకపోతే, ఎటు పోయానో మీరే చెప్పుకోండి.

ఇట్లు,
దోనె యజమాని